పాత చిన్న ట్రాక్టరు: విద్యుత్ తీగల లోపములు

దుక్కి అదనులో తాళము త్రిప్పినను స్టార్టరు తిరుగనిచో వెంటనే క్రొత్త బ్యాటరీ కొనవద్దు. పాత ట్రాక్టర్లలో లోపము తరచు తీగల అతుకులలోనే యుండును.

ముందుగా బ్యాటరీని పరీక్షింపుడు. నిండుగా ఛార్జియైన 12 వోల్టుల బ్యాటరీ, ఇంజను ఆగియున్నపుడు సుమారు 12.6 వోల్టులు చూపవలెను. అది సరిగా నున్నచో, చట్రమునకు కలిపిన ఎర్తు తీగను మొదట, రెండవ తీగను పిమ్మట విప్పుడు. కొనలకు పట్టిన తెల్లని చిలుమును వంటసోడా నీటితో కడిగి ఆరబెట్టుడు. ఎర్తు తీగ చట్రమునకు తగులు చోట తుప్పును, రంగును గీకివేయుడు. తిరిగి బిగించునపుడు ఎర్తు తీగను చివరను బిగింపవలెను.

ఫ్యూజు మాటిమాటికి కాలిపోవుచున్నచో దాని స్థానమున లావు తీగ వేయరాదు. తొడుగు చిరిగిన తీగ ఎచ్చటనో ఇనుమునకు తగులుచుండవచ్చును. దానిని వెదకి సరిచేయనిచో ట్రాక్టరే అంటుకొను ప్రమాదము కలదు.