నూలులో తేలే ముఖాలు

షోలాపూర్ తూర్పు భాగంలో బోర్డులు మరాఠీలో ఉంటాయి, అరుగుల మీద మాటలు తెలుగులో వినపడతాయి. తరాల కిందట తెలంగాణ పల్లెల నుంచి వలస వచ్చిన పద్మశాలీల పేటలివి. షోలాపూర్ చద్దరు తెలియని ఇల్లు అరుదు. ఆ చద్దర్ల చాటున మరుగునపడ్డ పనితనం మరొకటుంది: గోడకు వేలాడదీసే నేత చిత్రాలు. శివాజీ, గాంధీ, అంబేడ్కర్ వంటి వాళ్ల ముఖాలు ఇక్కడ నూలులో తేలతాయి.

కొండపల్లిలో తెల్లపొణికి చెక్కను చెక్కే కళాకారుడు బొమ్మను చేతిలో తిప్పి చూసుకోగలడు. నేతగాడికి ఆ వీలేదీ? గడ్డం దాకా నేసిన బట్ట కర్రకు చుట్టుకుపోతుంది, నుదురు వచ్చేసరికి గడ్డం కనపడదు. పైగా దారం ఎరిగినవి రెండే దారులు, నిలువున పడుగు, అడ్డంగా పేక. గాంధీ కళ్లజోడేమో గుండ్రం! ఆ గుండ్రాన్ని గళ్ల కాగితం మీద మెట్లు మెట్లుగా విడగొట్టాలి. రెండు గళ్లు అటూ ఇటూ అయితే మహాత్ముడికి మెల్లకన్ను వస్తుంది.

చేత్తో నేసేటప్పుడు ఒక్కో రంగుకు ఒక్కో కండె. జాకార్డు మగ్గమైతే చిల్లుల అట్టలే ఏ పడుగు పోగు లేవాలో చెబుతాయి. ఫ్రాన్స్‌లోని లియాన్‌కు చెందిన జోసెఫ్ మేరీ జాకార్డ్ 1804లో దీన్ని రూపొందించాడు. 1839లో అదే ఊళ్లో ఆయన ముఖాన్నే పట్టులో నేశారు, 24 వేల అట్టలు పట్టాయి. గణన యంత్రాల కల గన్న చార్లెస్ బాబేజ్ ఆ చిత్రాన్ని ఇంట్లో పెట్టుకున్నాడు.

నేయదగ్గ ముఖాలకొస్తే షోలాపూర్‌కు సొంత వీరులూ ఉన్నారు. 1930 మేలో గాంధీ అరెస్టు కాగానే మిల్లు కార్మికులు పని ఆపేశారు. కాల్పులు జరిగాయి, సైనిక పాలన వచ్చింది, జాతీయ జెండా పట్టుకున్నా నేరమైంది. మల్లప్ప ధన్‌శెట్టి, శ్రీకిసన్ సారడా, జగన్నాథ్ షిండే, కుర్బాన్ హుస్సేన్‌లను 1931 జనవరి 12న యరవాడ జైలులో ఉరితీశారు. ఊళ్లో వాళ్ల పేరిట చౌక్ ఉంది.

జాకార్డులో ఒకసారి అట్టలు సిద్ధమైతే అదే ముఖాన్ని ఎన్నిసార్లయినా నేయొచ్చు. కొత్త ముఖం అలా కాదు. ఈ నలుగురిని నేయాలంటే నలుగురికీ విడివిడిగా గళ్లు నింపాలి, విడివిడిగా చిల్లులు కొట్టాలి.