రిలీజ్ కాని ఫోన్‌కు అడ్వాన్స్ ఇస్తున్నారా?

"భాయ్, ఆ కొత్త ఫోన్ ఎప్పుడొస్తది?" నిజామాబాద్ అయినా, బోధన్ అయినా కౌంటర్ దగ్గరి కుర్రాడు "వచ్చే వారం" అంటే అది అంచనా మాత్రమే. తేదీ, ధర నిర్ణయించేది కంపెనీ. అతనిపై అరిచి లాభం లేదు.

మర్యాదగా మూడు అడగండి: కంపెనీ తేదీ ప్రకటించిందా? అడ్వాన్స్ ఎంత? ఫోన్ రాకుంటే డబ్బు వాపసిస్తారా?

2017 ఆగస్టు 24న జియోఫోన్ బుకింగ్ మొదలైనప్పుడు ముందు రూ.500, ఫోన్ చేతికొచ్చాక రూ.1,000 అని కంపెనీయే చెప్పింది. అలాంటి ప్రకటన లేకుంటే పండుగకు దాచిన డబ్బు కట్టొద్దు.

కడితే మోడల్, మొత్తం, తేదీ, వాపసు షరతు రాసిన రసీదు తీసుకోండి. వాపసివ్వకుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రసీదు లేకుంటే మాత్రం మన మాట నిలబడటం కష్టం.