పుండులో చర్మం నాట్లు

గుర్రం డొక్క మీద అరచెయ్యంత తోలు ఊడిపోయిందనుకోండి. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ, శుభ్రంగా ఉంచితే చాలావరకు దానంతటదే మూసుకుపోతుంది. అదే సైజు గాయం మోకాలి కింద అయితే కథ వేరు. నెలల తరబడి మానదు. ముళ్లకంచెలో కాలు ఇరుక్కున్న గుర్రం, ఎముక విరక్కపోయినా, ఈ మానని పుండు వల్లే పనికి దూరమవుతుంది. పెళ్లి ఊరేగింపులకి గుర్రాన్ని తిప్పుకుని బతికేవాడికి అది జీవనాధారం పోవడమే. జంతువు ఒకటే, చర్మం ఒకటే. మరి తేడా ఎక్కడొచ్చింది?

గాయం మూసుకోవడానికి శరీరానికి రెండు దారులున్నాయి. ఒకటి, చుట్టూ ఉన్న చర్మాన్ని లోపలికి లాగి గాయాన్ని చిన్నది చెయ్యడం. రెండోది, అంచుల నుంచి కొత్త చర్మకణాలు మధ్యకి పాకుతూ రావడం. డొక్క మీద చర్మం వదులుగా ఉంటుంది కాబట్టి మొదటి దారిలోనే చాలా పని అయిపోతుంది. మోకాలి కింద గుర్రానికి కండ ఉండదు. ఎముకలు, టెండన్లు, వాటి మీద బిగుతుగా తోలు, అంతే. లాగుదామంటే వదులే లేదు. ఇక మిగిలింది పాకడం. అది కూడా ఇక్కడ మహా నెమ్మది, రోజుకి సుమారు 0.1 మిల్లీమీటరు. డొక్క మీద దాదాపు దీనికి రెట్టింపు వేగం ఉంటుంది.

దీనికి తోడు ఇంకో చిక్కు. గాయం అడుగు నుంచి ఎర్రటి కొత్త కండ పెరుగుతుంది. అది అవసరమే, చర్మకణాలు పాకేది దాని మీదే. కానీ గుర్రం కాలి మీద అది ఆగకుండా పెరిగి అంచుల కన్నా ఎత్తుగా పొంగుతుంది. దుర్మాంసం అనేది దీన్నే. అంచు దగ్గర గట్టు లేచినట్టయి, చర్మం అక్కడే ఆగిపోతుంది. దాన్ని కాల్చడానికి కొందరు మైలుతుత్తం లాంటివి రాస్తారు. దుర్మాంసంతో పాటు అప్పుడే పుట్టిన చర్మకణాలూ మాడిపోతాయి. పుండు మళ్లీ మొదటికొస్తుంది.

ఇప్పుడు మనకిష్టమైన పని, లెక్క చేద్దాం. పుండు గుండ్రంగా, 10 సెంటీమీటర్ల వ్యాసంతో ఉందనుకుందాం. అంచు నుంచి మధ్యకి 50 మిల్లీమీటర్లు. రోజుకి 0.1 చొప్పున 500 రోజులు! వేగం పెంచడం మన చేతిలో లేదు. మరి అంచులనే పెంచితే? పుండు మధ్యలో అక్కడక్కడా చిన్న చర్మపు ముక్కలు పెడితే ప్రతి ముక్కా ఒక కొత్త అంచు. ముక్కల మధ్య ఖాళీ 1 సెంటీమీటరు ఉంటే ఒక్కో అంచు నడవాల్సింది 5 మిల్లీమీటర్లే. అంటే రమారమి 50 రోజులు. ఇది కాగితం మీది లెక్కే, నిజం గాయంలో కాస్త అటూ ఇటూ అవుతుంది. కానీ స్కిన్ గ్రాఫ్టింగ్ కిటుకంతా ఇదే.

మనుషుల్లో ఈ చిన్న ముక్కల పద్ధతిని 1869లో స్విస్ సర్జన్ రెవెర్డాన్ చూపించాడు. తర్వాత మీక్ అనే అమెరికన్ డాక్టర్ చర్మాన్ని చిన్న చదరాలుగా కోసే యంత్రం తెచ్చాడు. ఇప్పటి మీక్ పద్ధతిలో 42 మిల్లీమీటర్ల చదరపు ముక్క 196 చిన్న చదరాలవుతుంది, ఒక్కోటి 3 మిల్లీమీటర్లు. వైశాల్యం మారలేదు. చుట్టుకొలత మాత్రం 168 నుంచి 2,352 మిల్లీమీటర్లకి పెరిగింది, 14 రెట్లు! నెదర్లాండ్స్‌లో దీన్ని గుర్రాల మీద కూడా వాడారు.

అంత యంత్రం లేకపోయినా పంచ్ గ్రాఫ్ట్ చెయ్యొచ్చు. గుర్రాన్ని పడుకోబెట్టక్కర్లేదు. మత్తు ఇచ్చి నిలబెట్టే చేస్తారు. జూలు కింద మెడ దగ్గర మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చి, గుండ్రటి పంచ్‌తో చర్మపు ముక్కలు తీసి, వాటి అడుగున కొవ్వు గీసేస్తారు. పుండులోని కొత్త కండకి నరాలుండవు కాబట్టి అక్కడ నొప్పి తెలీదు. అందులో కొంచెం చిన్న గుంటలు చేసి ముక్కల్ని నాటుతారు, అచ్చం వరినాట్లే. ముక్క తీశాక కాస్త ముడుచుకుంటుంది, అందుకే గుంట చిన్నది. పని కింది వరస నుంచి మొదలుపెడతారు. పైన మొదలుపెడితే రక్తం కారి కింది గుంటలు కనపడవు.

నాటిన ముక్క మొదటి రెండ్రోజులు చుట్టూ ఊరే ద్రవం పీల్చుకుని బతుకుతుంది. ఆ తర్వాత అందులోకి రక్తనాళాలు చేరతాయి. ఈలోగా కాలు కదిలినా, కింద చీము పట్టినా, రక్తం చేరినా ముక్క ఊడిపోతుంది. అందుకే కాలు కదలకుండా గట్టి బ్యాండేజ్ కట్టి, గుర్రాన్ని సాలలోనే ఉంచుతారు. కొన్నాళ్లకి ముక్క పైపొర నల్లబడి ఊడొచ్చు. యజమాని కంగారుపడేది అక్కడే, “అయ్యో, చచ్చిపోయింది” అని. చాలాసార్లు కింది పొర బతికే ఉంటుంది. రెండు మూడు వారాల్లో దాని చుట్టూ లేత గులాబీ రంగు వలయం కనిపిస్తుంది. అదే కొత్త అంచు.

అయితే ప్రతి పుండుకీ నాట్లు వెయ్యకూడదు. లోపల చచ్చిన ఎముక ముక్క ఉన్నా, మానని పుండులా కనిపించేది నిజానికి కణితి అయినా ముందు దాని సంగతి చూడాలి. పొంగిన కండ కోసి సమం చెయ్యాలి, ఇన్ఫెక్షన్ తగ్గించాలి. పొలం సిద్ధం కాకుండా నారు తెచ్చి లాభం లేదు కదా.

మానాక కూడా ఆ చోట వెంట్రుకలు పలచగానే ఉంటాయి, మచ్చ పోదు. పోనివ్వండి. కాలి పుండు కొన్ని వారాలైనా చిన్నదవ్వకపోతే ఇంకో మందు డబ్బా కొనేముందు పశువైద్యుణ్ని అడగాల్సిన ప్రశ్న ఒకటే: “దీనికి గ్రాఫ్ట్ వెయ్యొచ్చా?” ఎంత ఆలస్యమైతే దుర్మాంసం అంత పెరుగుతుంది.