చిత్రశాలకు మూలధనము దాతల విశ్వాసము

విరాళములు పోగుచేయువారు రెండు విధములుగ నుందురు. కొందరు సొమ్ము చేతబడిన తోడనే యిచ్చినవాని మొగము మరతురు. మరికొందరు ఆ సొమ్ము దేనికై యీయబడినదో దానికే వినియోగపడునట్లు కడవరకు కావలి యుందురు. దేవాలయములకును, సత్రములకును, పాఠశాలలకును భూములు వ్రాసియిచ్చిన కుటుంబముల వారికి ఈ భేదమును వేరుగ వివరింప బనిలేదు. చిత్రశాలలకు సైతము ఈ న్యాయమే వర్తించునని అమెరికాలోని డెట్రాయిట్ నగరమున 2013, 2014 సంవత్సరములలో జరిగిన వ్యవహారము నిరూపించినది.

డెట్రాయిట్ మోటారుకార్ల పరిశ్రమకు పుట్టినిల్లు. అచ్చటి చిత్రశాల 1885 లో పౌరుల విరాళములతో నేర్పడి, 1919 లో నగరము వారి స్వాధీనమయ్యెను. నగరము కలిమిలో నున్న దినములలో ప్రజాధనముతోనే గొప్ప చిత్రములు కొనిరి. 1922 లో కొన్న వాంగో స్వీయచిత్రము అమెరికాలో ప్రజా చిత్రశాల చేరిన మొట్టమొదటి వాంగో చిత్రము. 1930 లో బ్రూగెల్ చిత్రించిన పెండ్లి నృత్యమును గూడ కొనిరి. దాతలును వెనుదీయలేదు. 1932, 33 సంవత్సరములలో మెక్సికో దేశపు చిత్రకారుడు డియేగో రివేరా అచ్చటి గోడలపై కార్ఖానా కూలీల శ్రమను 27 ఫలకములుగ చిత్రించెను. దానికి ధనమిచ్చినవాడు ఫోర్డు కంపెనీ అధ్యక్షుడు ఎడ్సెల్ ఫోర్డు. ఆ చిత్రములు మతమునకు విరుద్ధములనియు, సామ్యవాద ప్రచారమనియు, వానిపై సున్నము కొట్టవలెననియు పట్టణమున గొప్ప యలజడి రేగెను. ఎడ్సెల్ చలింపక చిత్రకారుని పక్షముననే నిలిచెను. ధనమిచ్చి యూరకుండక, ఇచ్చిన ధనముతో వెలసిన వస్తువునకు అండయై నిలుచుటయే నిజమైన దాతృత్వము.

కాలక్రమమున పరిశ్రమ క్షీణించెను, జనులు వలసపోయిరి, నగరము చిత్రశాలను పోషింపజాలకపోయెను. అందుచేత 2012 ఆగస్టులో చిత్రశాల వారు చుట్టుపట్లనున్న వేన్, ఓక్లండ్, మకోంబ్ అను మూడు కౌంటీల ఓటర్ల నర్థించిరి. ఆస్తి యొక్క పన్ను విలువలో వేయి డాలర్లకు 20 సెంట్ల చొప్పున పదేండ్లు చెల్లింపుడనియు, అందుకు బదులుగ ఆ మూడు కౌంటీల వారికి ప్రవేశము ఉచితమనియు, ఈ లోపల శాశ్వత నిధిని కూడబెట్టి తమ కాళ్లపై తాము నిలుతుమనియు చెప్పిరి. ఓటర్లు సమ్మతించిరి. ఏటికి సుమారు 2 కోట్ల 30 లక్షల డాలర్లు చేకూరెను. ఆ దినముతో సామాన్య గృహస్థులు లక్షలకొలది చిత్రశాలకు దాతలైరి.

మరుసటి సంవత్సరమే పిడుగు పడినది. 1800 కోట్ల డాలర్ల అప్పుతో నగరము 2013 జూలై 18 న దివాలా దాఖలు చేసెను. ఋణదాతల దృష్టి చిత్రములపై బడెను. నగరము సొమ్ముతో కొన్న వస్తువులకు మాత్రమే వెల కట్టుడని క్రిస్టీ వేలము కంపెనీని నియమింపగా, వారు 45 కోట్ల 40 లక్షల నుండి 86 కోట్ల 70 లక్షల డాలర్ల వరకని తేల్చిరి. ఇందలి విపరీతమును పాఠకులు గమనింతురు గాక. ప్రజలు తమ పన్నులతో ముచ్చటపడి కొనుకొన్న వాంగో, బ్రూగెల్ చిత్రములే మొట్టమొదట ఆపదలో బడినవి. షరతులతో దాతలిచ్చిన వస్తువులకు ఆ షరతులే కవచమైనవి.

చిత్రములు ప్రజలకొరకై ధర్మనిధిగ నుంచబడినవి గాన ఋణములకై విక్రయింపరాదని రాష్ట్రపు అటార్నీ జనరల్ 2013 జూన్‌లోనే అభిప్రాయమొసగి యుండెను. దేవుని మాన్యమును ధర్మకర్త తన యప్పుకై తాకట్టు పెట్టరాదను న్యాయమువంటిదే యిదియు. కాని యెదుటి పక్షపు మాటయు త్రోసివేయదగినది కాదు. ముప్పదియేండ్లు చెత్త బండ్లు తోలి, దీపములు వెలిగించి, పింఛనుపై బ్రతుకు వృద్ధుని కూటిలో కోతపెట్టి గోడమీది పటమును కాపాడుట ధర్మమా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పనిదే చిత్రశాలకు లోకములో ముఖము చెల్లదు.

జవాబు విరాళముల రూపమున వచ్చెను. మధ్యవర్తియైన ఫెడరల్ న్యాయమూర్తి జెరాల్డ్ రోజెన్ ధర్మసంస్థల నాశ్రయించి యొక యొప్పందమును కుదిర్చెను. ఆ సంస్థలు 36 కోట్ల 60 లక్షల డాలర్లు, రాష్ట్ర ప్రభుత్వము ఇరువది యేండ్ల లెక్కన 35 కోట్లు, చిత్రశాల 10 కోట్లు, వెరసి 81 కోట్ల 60 లక్షల డాలర్లు పింఛను నిధులకు చేర్చవలెను. చిత్రములొక్కటియు అమ్మబడక, వానిపై స్వామ్యము నగరము నుండి లాభాపేక్షలేని సంస్థకు సంక్రమింపవలెను. అన్నిటికంటె పెద్ద మొత్తము, 12 కోట్ల 50 లక్షలు, ఇచ్చినది ఫోర్డు ఫౌండేషను. రివేరా చిత్రముల పక్షమున నిలిచిన ఎడ్సెల్ 1936 లో స్థాపించిన సంస్థయే యిది. పింఛనుదారులలో అధిక సంఖ్యాకులు సమ్మతింపగా, 2014 నవంబరు 7 న న్యాయమూర్తి స్టీవెన్ రోడ్స్ ఆమోదించెను.

చిత్రశాలవారి వంతైన 10 కోట్లను సమకూర్చుట యెంత కష్టమో యోచింపుడు. చిత్రములపై మక్కువగల దాత యొద్దకు పోయి, మీ సొమ్ముతో ఒక పటమైనను కొనబడదు, ఒక గదియైనను కట్టబడదు, మీ పేరు ఏ గోడపైనను చెక్కబడదు, ఇది యంతయు మునిసిపల్ నౌకర్ల పింఛనులకే పోవునని చెప్పవలెను. అయినను దాతలిచ్చిరి. ఫోర్డు, జనరల్ మోటార్సు, క్రైస్లర్ కంపెనీలు మూడును కలిసి 2 కోట్ల 60 లక్షలిచ్చినవి. ఏండ్ల తరబడి నిలుపుకొన్న పరిచయమే ఆ దినమున అక్కరకు వచ్చెను.

పింఛనుదారుల కష్టము పూర్తిగ తీరెనని మేమనము. సామాన్యోద్యోగుల పింఛనులలో నూటికి నాలుగున్నర వంతు తగ్గినది, వైద్యసహాయమున గొప్ప కోత పడినది. చిత్రశాలకును నష్టము కలిగెను. శాశ్వత నిధికి చేరవలసిన విరాళములు పింఛనులకు పోయినవి. నిధి చాలకపోవుటచే 2020 మార్చిలో మరల పన్నుకై ఓటర్ల నర్థింపవలసి వచ్చెను. ఓటర్లు మన్నించిరి గాని, మరల అడుగమంటిరి గదా యని కొందరు ఆక్షేపింపకపోలేదు. 2014 లో పై యధికారుల జీతములు పెరిగిన సంగతి బయటపడినప్పుడును ఇట్టి యసమ్మతియే రేగెను. వేయికి ఇరువది సెంట్లిచ్చినవాడును దాతయే. వానికి లెక్క చెప్పవలసిన భారము కోటి యిచ్చినవానికి చెప్పవలసిన దానికంటె తక్కువది కాదు.

గ్రంథాలయమునకో, కళాశాలకో, చిత్రశాలకో ద్రవ్యమీయదలచిన మన గృహస్థులు చెక్కు వ్రాయుటకు ముందు మూడు సంగతులు విచారింపవలెను: ఆస్తి యెవరి పేరనున్నది, మీ యుద్దేశము పత్రమున నెక్కినదా, ఏటేట లెక్క చూపువారెవరు. అర్థించువారును ఈ ప్రశ్నలకు నొచ్చుకొనక, అడుగక మునుపే జవాబు లిచ్చునట్లుండవలెను. డెట్రాయిట్ చిత్రములు నేటికిని తమ గోడలపైననే యున్నవి. ఆ మూడు కౌంటీల పిల్లలు పైసా చెల్లింపకయే పోయి చూచుచున్నారు.