సూర్యాపేట పక్కన కృష్ణ పారితే

ఉపగ్రహం తీసిన బొమ్మ మీద ఊళ్లనూ బోరుబావులనూ చుక్కలుగా పెట్టే సాఫ్ట్‌వేర్లలో మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఒకటి. అది పుట్టింది మాత్రం భూమి కోసం కాదు, మెదడు కోసం.

దాన్ని రాసిన జాన్ హంటర్ షికాగో విశ్వవిద్యాలయంలో మూర్ఛరోగుల మెదడు మీద అమర్చిన ఎలక్ట్రోడ్ల సంకేతాలను పరిశీలించేవారు. ఏ సంకేతం ఎక్కడి నుంచి వస్తోందో తెలియాలంటే స్కాన్ బొమ్మ మీద ఎలక్ట్రోడ్ల చోట్లు కనపడాలి. మ్యాట్‌ల్యాబ్‌లో మొదలుపెట్టిన పని పెరిగేకొద్దీ ఆ సాఫ్ట్‌వేర్ చాలక, పైథాన్ భాషలో మళ్లీ మొదటి నుంచి రాసుకున్నారు. 2003లో మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ను అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. 2012లో, 44 ఏళ్లకే క్యాన్సర్ ఆయన్ని తీసుకుపోయింది. 2019లో లోకమంతా చూసిన కృష్ణబిలం చిత్రం వెనక పనిలోనూ ఆయన సాఫ్ట్‌వేర్ ఉంది.

బొమ్మ మీద చుక్కలు పెట్టేటప్పుడు అసలు చిక్కు నిలువు లెక్కలోనే. కంప్యూటర్‌కి బొమ్మంటే అంకెల వరసలు. మొదటి వరస పైన, లెక్క కిందికి పెరుగుతుంది. గ్రాఫ్‌లో లెక్క పైకి పెరుగుతుంది. అక్షాంశమూ అంతే: మిర్యాలగూడ సుమారు 16.87 డిగ్రీలు, కోదాడ 17, సూర్యాపేట 17.15. మొదటి వరస పైదో కిందిదో తప్పు చెప్పామంటే చుక్కలు సరిగ్గానే ఉంటాయి, బొమ్మ తలకిందులవుతుంది. వాడపల్లి దగ్గర మూసీని కలుపుకునే కృష్ణ పటం పైఅంచుకెక్కి సూర్యాపేట వైపు పారుతుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం ఏ ఎర్రరూ చూపదు. అందుకే బొమ్మ నాలుగు అంచుల అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి, తెలిసిన ఊరొకటి సరిచూసుకున్నాకే మిగతా చుక్కలను నమ్మాలి.

ఇంకో చిన్న మెలిక ఉంది. ల్యాండ్‌శాట్ బొమ్మలో ఒక్కో గడి నేల మీద 30 మీటర్లు. మనమిచ్చే అంకె గడి నడిమిదా, అంచుదా అన్న దగ్గర పొరబడితే చుక్క 15 మీటర్లు జరుగుతుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో 15 మీటర్లంటే గట్టు దాటి పక్కవాళ్ల మడిలో పడ్డట్టే.

ఈ ఊళ్లున్న ఉమ్మడి నల్గొండకు ఈ చుక్కల పని కాలక్షేపం కాదు. ఫ్లోరైడ్ నీళ్లతో తరాలుగా నడుములు వంగిపోయిన నేల ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. నీళ్లు పరీక్షించిన ప్రతి బోరునూ చుక్కగా పెట్టి, హద్దు దాటినవి ఎర్రగా, దాటనివి నీలంగా చూపితే, కాలువ పారే కోదాడ, మిర్యాలగూడల వైపు ఎర్రచుక్కలెన్ని, మునుగోడు, మర్రిగూడల వైపు ఎన్ని అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది. ఆ చుక్కల రంగు కాస్త పలచగా ఉండాలి, అడుగున పొలం పచ్చగా ఉందో ఎండిందో కూడా కనపడేట్టు.