దంతాలు లేని ఏనుగులు

ఆఫ్రికా ఏనుగుల్లో సాధారణంగా ఆడవాటికీ దంతాలుంటాయి. మొజాంబిక్‌లోని గొరొంగోసా జాతీయ పార్కులో మాత్రం దంతాలు లేని ఆడ ఏనుగులు చాలా ఉన్నాయి. వాటి వాటాను అంతగా పెంచింది యుద్ధం.

1977 నుంచి 1992 దాకా సాగిన అంతర్యుద్ధంలో ఈ అడవే రణరంగం. తిండి కోసం జంతువుల్ని, ఆయుధాల డబ్బు కోసం ఏనుగుల్ని చంపారు. సుమారు 2,500 ఏనుగుల్లో పదో వంతు కూడా మిగల్లేదు. తుపాకులు దంతమున్నవాటినే వెతికాయి కాబట్టి లేనివి బతికిపోయి పిల్లల్ని కన్నాయి. యుద్ధానికి ముందు ఆడ ఏనుగుల్లో దంతాలు లేనివి 18.5 శాతం, తర్వాత దాదాపు 51 శాతం. 2021లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం దంతాలు లేకపోవడానికి మూలం ఎక్స్ క్రోమోజోములోని ఒక మార్పులో ఉందని చూపింది. ఆడపిల్లకు రెండో ఎక్స్ ఉంటుంది, బతుకుతుంది. మగపిల్ల ఆ మార్పుతో పుట్టకముందే చనిపోతుందని పరిశోధకుల అంచనా. యుద్ధం ఆగి ముప్పై ఏళ్లు దాటినా దాని దెబ్బ ఇంకా గర్భంలోని పిల్లకు తగులుతోందంటే మనసు కలుక్కుమంటుంది.

దెబ్బ జన్యువులతో ఆగలేదు. మేసే జంతువులు పోగానే వరద మైదానాల్లో ముళ్ల మిమోసా పొదలు అల్లుకుపోయాయి. చిరుతలు మాయమవడంతో, ఎప్పుడూ పొదల చాటున ఉండే బుష్‌బక్ జింకలు బయలులోకి వచ్చి మేయసాగాయి. పరిశోధకులు స్పీకర్లలో చిరుత అరుపులు వినిపించి, వేటాడే జంతువుల మలాన్ని పోలిన వాసన చల్లితే ఆ జింకలు మళ్లీ చాటు వెతుక్కున్నాయి. ఏ మొక్క మిగలాలో తేల్చడంలో భయానికీ పాత్ర ఉంది. అందుకే అడవిని నిలబెట్టడమంటే మేసేవాటిని తెచ్చి వదలడం ఒక్కటే కాదు, వేటాడేవీ ఉండాలి. 2018లో దక్షిణాఫ్రికా నుంచి 14 అడవి కుక్కల్ని తెచ్చారు.

పార్కు పునరుద్ధరణ 2004లో కార్ ఫౌండేషన్ అనే సంస్థ తోడ్పాటుతో మొదలైంది. అడవి దున్నల్ని బయటినుంచి తెచ్చారు. వాటర్‌బక్ జింకలు మాత్రం వాటంతటవే యాభై వేలు దాటాయి. మేత జంతువులు పెరిగాక మిమోసా తగ్గింది. జంతువుల మధ్య పాత పాళ్లు అచ్చంగా తిరిగి రావాలని కోరడం అత్యాశ అని నాకు అనిపిస్తుంది.

జంతువుల్ని తిరిగి తేవడం కన్నా కష్టమైన పని పక్కనున్న గొరొంగోసా కొండ మీద ఉంది. పార్కు నదులకు నీళ్లిచ్చే ఆ కొండ అడవిని బతుకుతెరువు కోసం నరికేశారు. ఇప్పుడు అక్కడి రైతులు స్థానిక చెట్ల నీడన కాఫీ పెంచుతున్నారు. చెట్టుంటేనే పంట, పంటుంటేనే చెట్టు. 2013లో మళ్లీ రేగిన పోరు ఆ కొండ చుట్టూ కూడా సాగింది. దాన్ని అధికారికంగా ముగించిన కాల్పుల విరమణ ఒప్పందంపై 2019 ఆగస్టు 1న ఈ పార్కులోనే సంతకాలు జరిగాయి.