తేనెటీగలకు చక్కెర నీళ్లు ఎందుకు?

చలిదేశాల్లో శీతాకాలం పూలుండవు. తేనెటీగలు గుంపుగా ముడుచుకుని, రెక్కల కండరాలను వణికిస్తూ వేడి పుట్టిస్తాయి. ఆ శక్తి దాచుకున్న తేనెదే.

చిత్తూరు జిల్లా బంగారుపాళ్యంలో అంత చలి ఉండదు. ఇక్కడ చిక్కు వానలతోనే. అక్టోబరు, నవంబరు నెలల్లో ముసురు పడితే ఈగలు బయటికి పోలేవు. మామిడి పూత వచ్చేది ఆ తర్వాతే. అందాకా దాచుకున్న తేనె చాలకపోతే మనమే చక్కెర నీళ్లు పెట్టాలి.

మరి ఎలా పెట్టాలి? చక్కెర, నీళ్లు సమంగా కలిపి, సాయంత్రం పెట్టెలోనే పెట్టాలి. పగలైతే వేరే పట్టు ఈగలు దోచుకోవడానికి వస్తాయి. పాకంలో పుల్లలు వేయాలి. నిలబడే చోటు లేకపోతే ఈగలు మునిగిపోతాయి. బెల్లం వద్దు, అందులోని ఖనిజాలు వాటికి అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి.

అన్నిటికన్నా మంచి మేత వాటి తేనే. తీసుకునేటప్పుడు వాటి వాటా వాటికి వదిలేద్దాం.